బొమ్మ రాని తెర

జూన్ 19, 2007. అంకిస

నిన్న సిరొంచ బజారులో ఈ నోటుపుస్తకం కొన్నాను. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదివేవాళ్లు మాత్రం లేరు. నరేష్ మరాఠీ బడిలో చదివాడు. అత్త ముత్తక్కకు ఏ అక్షరమూ రాదు. గోదావరి అవతల కాళేశ్వరంలో పదో తరగతి దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఈ పుస్తకాన్ని పొయ్యి పక్కన తెరిచిపెట్టినా దాచిపెట్టినట్టే.

రాయాల్సింది ఒకటే. నెల తప్పింది. రెండు నెలలు దాటాయి. పెళ్లయిన నాలుగేళ్లకు.

జూన్ 23

వాంతులు. మంచినీళ్లు కూడా ఆగడం లేదు.

జూన్ 24

వాంతులు.

జూన్ 30

పాత జాకెట్లేవీ పట్టడం లేదు. లంగా బొందు ముడిపడటానికి అందడం లేదు. చేతులు వణుకుతున్నాయి, ఈ అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది. పడుకుంటే గుండె దడదడమంటుంది. ఆ చప్పుడు ఒక్కరిది కాదు. ఇద్దరిది. చెవి దిండుకు ఆనించి విన్నాను. ఒకటి నాది. దాని వెనకే పరుగెత్తుతున్నది వాడిది.

జూలై 3

మంత్రసాని బీరమ్మ వచ్చింది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టి చాలాసేపు నొక్కింది. తర్వాత నా ముఖం చూడకుండా అత్త ముఖం చూసింది.

"మూడో నెల అంటున్రు గదా? ఇది ఐదు నిండిన కడుపు."

అత్త తల ఎత్తలేదు. చాటలో బియ్యం ఏరుతూనే ఉంది.

నరేష్ సంక్రాంతి తర్వాత పనికని చంద్రపూర్ పోయాడు. ఏప్రిల్ మొదటివారంలో తిరిగొచ్చాడు. ఐదు నెలలంటే ఫిబ్రవరి. ఆ లెక్క బీరమ్మకు వచ్చు. ఊరందరికీ వచ్చు. సాయంత్రానికి పొలం గట్టు మీద నరేష్‌కు కూడా వచ్చినట్టుంది. అన్నం సగంలోనే కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

దేవుడి మీద ఒట్టు, ఇది మూడో నెలే. ఒట్టు నేను ఎవరికి వేస్తున్నానో! ఈ పుస్తకానికి.

జూలై 6

అత్త నా పొట్ట వైపు చూడదు. మూడు రోజులుగా గమనిస్తున్నాను. నేను గడపలో నిలబడితే పెరటి దారిన బయటికి పోతుంది. నాతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. ఆమె కూడా నెలలు లెక్కపెడుతోందన్నమాట.

జూలై 8

నర్సు మహెజబీన్ సిస్టర్ ఇంటికి వచ్చింది. సిరొంచ మనిషి, ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమెవే. బీపీ చూసి పెదవి విరిచింది. చెక్క గొట్టం నా పొట్ట మీద ఆనించి కళ్లు మూసుకుని విన్నది. ఒక్కో చోట మార్చి మార్చి విన్నది.

"ఏమన్నా వినబడ్డదా సిస్టర్?"

"మూడో నెలకైతే ఈ గొట్టంల వినరాదు అరుణా, అది పరవాలేదు. ఇంత పెద్ద పొట్టకైతే వినబడాలె. రెంట్ల ఏదో ఒకటి తప్పు." గొట్టం సంచిలో వేసుకుంది. "అహేరి పోయి సోనోగ్రఫీ తియించుకో. ఆలస్యం చెయ్యకు."

"నాకు వినిపిస్తోంది" అన్నాను. "పొద్దుమాపూ వినిపిస్తోంది."

ఆమె నా మణికట్టు పట్టుకుని గడియారం చూసుకుంటూ లెక్కపెట్టింది. "అది నీ గుండె. పరుగెత్తుతున్నది. ఎందుకో తెల్సుకోవాలె."

బీరమ్మ అక్కడే ఉంది. "ఆ మిషన్ వేడికి లోపల పిండం కరుగుతదట గదా?" అన్నది.

"వేడీ లేదు, సూదీ లేదు, నొప్పీ లేదు. అది ఎక్స్‌రే కాదు. ఉత్త శబ్దం. మన చెవులకు వినరానంత సన్నటిది. గబ్బిలాలు చీకట్ల గోడకు తాకకుండ ఎట్ల ఎగురుతయి? అరుస్తయి, ఆ అరుపు తాకి మల్లొస్తది. మిషన్ గూడ గట్లనే సూస్తది."

నరేష్ వాకిట్లోంచి అడిగాడు. "ఎన్నో నెలనో చెప్తదా ఆ మిషన్?"

"చెప్తది."

"గట్లయితే ఎల్లుండే పోదాం" అన్నాడు. నా మీద కోపంతో కాదు. నేను గెలవాలని కోరుకుంటున్నవాడిలా అన్నాడు. నాకు సంతోషం వేసింది. యంత్రానికి చుట్టాలు లేరు, అది అబద్ధం చెప్పదు.

జూలై 11

స్కాన్ అయింది. మూడో నెలే అన్నారు. అంతా బాగుంది.

జూలై 13

నరేష్ ఊరంతా చెప్పాడు, మిషన్ మూడో నెల అని తేల్చిందని. బీరమ్మ నోరు మూతపడింది. నిన్న నాకోసం సిరొంచ నుంచి బత్తాయిలు తెచ్చి తానే వలిచి ఇచ్చాడు. రిపోర్టు కాగితం నా బట్టల పెట్టె అడుగున, పెళ్లి చీర మడతలో ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఎవరూ అడగలేదు.

జూలై 16

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అందరూ నాట్లకు పోయారు. వాన లేదు, గాలి లేదు, ఒక్క కోడి కూడా అరవడం లేదు. వాడు కదిలాడు. తన్నడం కాదు. సొరకాయ బుర్రలో గవ్వలు దొర్లినట్టు, ఇటు నుంచి అటు. నేను ఊపిరి బిగబట్టాను. వాడూ ఆగాడు.

జూలై 18

మహెజబీన్ సిస్టర్ రిపోర్టు అడిగింది. నరేష్ దగ్గర ఉందన్నాను. నరేష్ నాట్ల దగ్గర ఉన్నాడన్నాను. వాగు పొంగేలా ఉంది, చీకటి పడకముందే పోవాలి కదా అన్నాను. ఆమె నా కళ్లలోకి చూసి, "నేను మల్ల వస్త" అన్నది.

జూలై 21

ఈ పుస్తకానికి కూడా అబద్ధం చెప్తే ఇక నిజం ఎక్కడుంటుంది? రాస్తాను.

అహేరి. ఆ దవాఖాన గోడ మీద మరాఠీలో పెద్ద బోర్డు ఉంది. కడుపులో ఉన్నది ఆడో మగో ఇక్కడ చెప్పరు, అడగడం కూడా నేరం అని. ఒక కాగితం నింపించి నా సంతకం తీసుకున్నారు. నీళ్లు బాగా తాగమన్నారు, ఒంటికి పోకుండా ఆపుకోమన్నారు. మూత్రసంచి నిండితేనే దాని వెనకున్న గర్భసంచి తెర మీద సరిగ్గా కనిపిస్తుందట. బల్లకు ఆనుకుని గంటసేపు కూర్చున్నాను. నరేష్ బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

లోపల చీకటిగా ఉంది. పొట్ట మీద చల్లటి జిగురు పోశారు. డాక్టర్ బాయి చేతిలో సబ్బుబిళ్లంత పరికరం పెట్టుకుని మెల్లగా నొక్కుతూ జరిపింది. నొప్పి లేదు. సిస్టర్ చెప్పినట్టే. నేను తల తిప్పి తెర చూశాను.

గాలికి యాంటెనా తిరిగిపోతే టీవీలో పడతాయే, ఆ చుక్కలు. తెర నిండా తెల్లటి చుక్కలు. మధ్యమధ్య నల్లటి చిన్న చిన్న గుంతలు. అవి కదులుతున్నాయి. డాక్టర్ చెయ్యి కదిపితే కదులుతున్నాయి.

"బొమ్మ ఇంకా రాలేదా మేడం?" అన్నాను. సరిచేస్తుందేమో అని చూశాను.

డాక్టర్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. చెయ్యి ఆపలేదు. కిందికి, పక్కకి, మళ్లీ కిందికి. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నా లోపలికి నాకు వినపడని శబ్దం ఒకటి పోతోంది, గోడలకు తాకుతోంది, మనిషి కోసం వెతుకుతోంది, మనిషి తగలక తిరిగొస్తోంది.

"నీ మాలక్‌ను, మీ ఆయన్ను పిలువు" అన్నది డాక్టర్.

"బయటికి పోయాడు. లేడు."

చెప్పుల దగ్గరే ఉన్నాడు. తలుపు అద్దంలోంచి అతని చొక్కా కనిపిస్తూనే ఉంది.

డాక్టర్ మరాఠీ కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పింది. ఇందులో పిల్ల లేదు. గుండె లేదు. మాయ ఒక్కటే పిచ్చిగా పెరిగి నీటి గింజల గుత్తులైంది. పొట్ట తొందరగా పెరిగింది అందుకే, వాంతులూ వణుకూ గుండెదడా అందుకే. రక్తపరీక్ష కూడా చేసి రూఢి చేసుకోవాలి. రేపే చేరాలి, శుభ్రం చేయాలి. ఆలస్యం చేస్తే రక్తం ఆగకుండా పోవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది.

"ఎన్నో నెల మేడం?" అని అడిగాను.

"తారీకుల ప్రకారం మూడు దాటింది. కానీ నెలలు పిల్లకుంటయి, దీనికి కాదు."

మూడు. ఆ ఒక్క మాటా పట్టుకుని బయటికి వచ్చాను. నరేష్ ఎదురొచ్చాడు. "మూడో నెలే. అంతా బాగుంది" అన్నాను. అతని ముఖంలో వెలుగు చూశాను. ఆ వెలుగు చూశాక ఇంకేం చెప్పను? బిడ్డ లేదు, ఈ పొట్టలో ఉన్నది గింజలు అంటే నమ్ముతాడా? ఐదో నెలది ఎక్కడో దించుకొచ్చింది అని ఊళ్లో అనరా?

కానీ అసలు కారణం అది కూడా కాదు. యంత్రం తప్పు. నాకు గుండె వినిపిస్తోంది.

జూలై 22

గానుగెద్దులా ఒకటే ఆలోచన తిరుగుతోంది. స్కాన్‌కు ముందు వాడు ఉన్నాడేమో. ఆ శబ్దమే వాడిని చెరిపేసిందేమో. పలక మీద తడిచెయ్యి పెట్టినట్టు.

జూలై 24

కాదు, ఉన్నాడు. ఇవాళ రెండుసార్లు కదిలాడు.

జూలై 26

బట్టకు ముదురు రంగు మరక. ఎవరికీ చెప్పలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని వాడికి పేరు పెట్టాను. ఇక్కడ రాయను.

ఆగస్టు 2. అహేరి, దవాఖాన మంచం మీద

చెయ్యి ఇప్పటికి కుదురుగా ఉంది. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

జూలై 29, ఆదివారం పొద్దున. రాత్రంతా వాన. పెరట్లో లేచి నిలబడ్డాను, కాళ్ల వెంట వెచ్చగా జారింది. రక్తం. అందులో గింజలు. సగ్గుబియ్యం ఉడికిస్తే ఉబ్బుతాయే, అలా, అద్దంలా, నీళ్లు నిండిన గింజలు. కొన్ని ఒకదానికొకటి తీగతో అంటుకుని ఉన్నాయి. నేను అరవలేదు. కూర్చుండిపోయి వాటిని కొంగులోకి ఏరడం మొదలుపెట్టాను. వాడు చెల్లాచెదురైపోతున్నాడని, ఒక్కటి కూడా పోకూడదని.

అత్త వచ్చింది. చూసింది. బీరమ్మైతే పరుగెత్తేది. అత్త బురదలోనే నా పక్కన కూర్చుంది. నా చేతులు పట్టుకుని ఏరడం ఆపించింది.

"ఇడిసిపెట్టు బిడ్డా. అవి నీ పిల్ల కాదు. నాకెర్కే."

"నీకేం తెలుసు అత్తమ్మా?"

"నాకు గూడ గివే పడ్డయి."

అప్పుడు చెప్పింది, నన్ను ఒళ్లో పెట్టుకుని, వానలో. నరేష్‌కు మూడేళ్లప్పుడు. పొట్ట ఇలాగే ఒక్కసారిగా పెరిగిందట. ఒకరోజు ఇలాగే పడిందట, గుప్పెళ్లకొద్దీ.

"చాప గుడ్లన్నరు. గోదాట్ల తానం చేస్తుంటే ఏదో పట్టి, దాని సంతానం నా కడుపుల పెట్టిందన్నరు. మంత్రసాని బీరమ్మ తల్లే, చాట ఆడనే పారేసి ఉరికింది. మీ మామ ఆర్నెల్లు నా చేతి బువ్వ తినలే. కొట్టంల పండిన, పశువుల నడుమ. రక్తం పోంగ పోంగ చచ్చిననే అనుకున్న. ఎట్ల బతికిన్నో తెల్వది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ పొట్ట సూసినప్పుడే నాకు గుండె జల్లుమన్నది. నోరు తెరిస్తే నిన్ను గూడ కొట్టంల పండవెడ్తరని భయమైంది. మిషన్ల మంచిగున్నదంటివి. నా కండ్లే తప్పనుకున్న." ఆమె నా గడ్డం పైకెత్తింది. "మిషన్ మంచిగున్నదనే అన్నదా అరుణా?"

"అనలేదు."

"కాయిదం ఏడున్నది?"

"పెళ్లి చీరలో."

అత్త కేక వేస్తే నరేష్ వచ్చాడు. అత్త సంగతి చెప్తే పెట్టెలోంచి కాగితం తెచ్చాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

అత్తే మాట్లాడింది. "మూడు నెలలా ఐదు నెలలా అని లెక్క గట్టినవ్ గదా, గందుకు చెప్పలే. పో, ట్రాక్టర్ తే. నీ అయ్య నన్ను పండవెట్టిన కాడ నా కోడల్ని పండనియ్య."

వాగు పొంగి ఉంది. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. నీళ్లు ట్రాలీ అడుగుకు తాకుతున్నాయి. అవతలి ఒడ్డున మహెజబీన్ సిస్టర్ జీపుతో నిలబడి ఉంది, నరేష్ ఫోన్ చేయించాడట. జీపులో ఆమె నా చేతికి సెలైన్ పెట్టింది. అహేరి దాకా సీసా పైకెత్తి పట్టుకున్నది అత్తే. చెయ్యి మార్చమంటే మార్చలేదు. అడవిలో దారి పొడుగునా చెట్లు వెనక్కి పరుగెత్తుతున్నాయి. గుండె చప్పుడు వింటున్నాను, ఒక్కటే వినిపిస్తోంది. రెండోది ఎక్కడ ఆగిందో చూసుకోలేదు.

నరేష్ రక్తం నాకు సరిపోయింది. ఒక సీసా అతనిది, రెండు తెలియనివాళ్లవి.

తెలివి వచ్చాక డాక్టర్‌ను అడిగాను, చూపించమని. వద్దన్నది. మళ్లీ అడిగాను. ఒక స్టీలు పళ్లెం తెచ్చింది. గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. చిన్నవీ పెద్దవీ, కిటికీ వెలుతురు పడి మెరుస్తున్నాయి. వాటిలో కళ్లు లేవు, చేతులు లేవు. వెతికాను.

"మరాఠీల ద్రాక్ష గర్భం అంటరు" అన్నది సిస్టర్. "తెలుగుల ముత్యాల గర్భం."

ముత్యాలట. ఎవరు పెట్టారో ఆ పేరు, పళ్లెం చూసినవాళ్లే పెట్టి ఉంటారు.

అత్త గుమ్మంలో నిలబడి డాక్టర్‌ను అడిగింది. "ఇది ఎందుకైతది బాయీ? తానం చేసిన నీళ్లతోనా?"

"నీళ్లతో కాదు, దిష్టితో కాదు. ఎవరి తప్పూ కాదు. బీజం కలిసేటప్పుడే తప్పుగా కలుస్తుంది. ఎవరికైనా కావచ్చు."

"మా ఇంట్ల ఇద్దరికైంది."

"మీ ఇద్దరి రక్తం వేరు కదమ్మా. ఇల్లు చేసింది కాదు."

అత్త తన పొట్ట మీద కొంగు సర్దుకుంది.

ఆగస్టు 9. అంకిస

అందరూ బిడ్డ పోయిందని వస్తున్నారు. బిడ్డ లేదని చెప్తే ఎవరికీ అర్థం కావడం లేదు. లేనిది పోయినందుకు ఏడవవచ్చా? ఏడ్చాను.

ఆగస్టు 17

మధ్యాహ్నం మళ్లీ కదిలాడు. ఖాళీ పొట్టలో. ఇటు నుంచి అటు.

ఆగస్టు 20

సిస్టర్‌కు చెప్పాను. నవ్వలేదు. "ఉన్నదనుకున్న మనసు అంత జల్దీ ఊకోదు" అన్నది. కానీ రక్తపరీక్ష వదలొద్దని గట్టిగా చెప్పింది. స్కాన్‌లో సంచి శుభ్రంగా కనబడ్డా, కంటికి ఆనని ముక్క మిగిలి ఊపిరితిత్తుల దాకా పాకవచ్చట. "తెర సూపేది కొంతే. మిగిలింది రక్తం చెప్పాలె. రెండూ కలిపి సూస్తేనే డాక్టర్‌కు ఎర్కైతది. గా కాయిదాలు పారెయ్యకు, పెండ్లి చీరల దాయకు. ప్రతిసారి తీస్కపో." ఏడాది దాకా కడుపు రాకూడదట. వస్తే ఏది పిల్లో ఏది మిగిలిందో పరీక్షకు తెలియదట.

అక్టోబర్ 14

రక్తంలో ఏమీ లేదని వచ్చింది. ఇక నెలకొకసారి చాలన్నారు. కదలిక వారం నుంచి లేదు. వాడు కదలకపోతే ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది.

డిసెంబర్ 2

నరేష్ ఈమధ్య ఏదీ లెక్కపెట్టడు. నిన్న నా పక్కన కూర్చుని వాడికి పెట్టిన పేరేమిటని అడిగాడు. అపస్మారకంలో పిలిచానట. చెప్పాను. అతనూ ఒకసారి పలికాడు.

మార్చి 11, 2008

ఇవాళ అహేరిలో స్కాన్. అత్త కూడా వస్తానన్నది. బస్సులో సీసా తీసి దారిపొడుగునా నీళ్లు తాగుతూనే ఉంది. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాను.

ఈసారి తెర మీద చుక్కలు లేవు. బూడిదరంగు జామకాయలాంటి ఆకారం, మధ్యలో సన్నటి గీత. "ఇదే నీ గర్భసంచి. ఖాళీగా, శుభ్రంగా ఉంది" అన్నది డాక్టర్. ఆగస్టులో ఆ మాట వింటే చచ్చిపోయేదాన్ని.

లేచి జిగురు తుడుచుకుంటుంటే అత్త లోపలికి వచ్చింది. తలుపు వేసింది.

"బాయీ, నాది గూడ జర సూడున్రి. నీళ్లు తాగే వచ్చిన."

"మీకేమైందమ్మా?"

"సూడున్రి."

బల్ల ఎక్కడానికి నేను చెయ్యి ఇచ్చాను. ఆ పొట్ట నేనెప్పుడూ చూడలేదు, ముడతలు పడి, లోపలికి పోయి ఉంది. జిగురు చల్లదనానికి ఉలిక్కిపడింది. డాక్టర్ తెర ఆమె వైపు తిప్పింది.

"వయసుకు సంచి చిన్నగైంది. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

"ఎడమ దిక్కు సూడున్రి. గాడనే మెసులుతది. ఇరవై ఆరేండ్లాయె."

డాక్టర్ ఎడమ వైపు జరిపింది. తెర మీద ఏదో కదిలింది. మెల్లగా, పాములా, ముడుచుకుని సాగింది. అత్త నా వేళ్లు విరిగేలా పట్టుకుంది. నేనూ తెర వైపు వంగాను.

"గదే!" అన్నది. "గదే బాయీ!"

"ఇవి పేగులమ్మా. తిన్నది అరుగుతోంది. నాకూ ఇట్లే ఉంటాయి. అందరికీ ఇట్లే కదులుతాయి."

"పేగులా?"

"పేగులే."

అత్త తెర వైపు అలాగే చూస్తూ ఉంది. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి జారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆ చాప గుడ్లల్ల ఒకటి లోపలనే ఉండిపోయిందన్నరు. బువ్వ పెట్టకుంటే నన్నే తింటదన్నరు. దినాం ఆకలున్నా లేకున్నా దాని పేరు మీద ఒక ముద్ద తిన్న. ఇన్నేండ్లు." తెర వైపు వేలు చూపించింది. "ఎవ్వలికి పెట్టిన బువ్వ అది?"

డాక్టర్ పరికరం పక్కన పెట్టింది. నేను కొంగుతో అత్త పొట్ట మీద జిగురు తుడిచాను. మెల్లగా, మూల మూలలా తుడిచాను. తర్వాత కూర్చోబెట్టాను.

బస్టాండులో నరేష్ గారెలు కట్టించుకుని వచ్చాడు. అత్తకు మూడు ఇచ్చాడు. ఆమె ఒకటి తిన్నది. రెండోది సగం తుంచి, నోటి దాకా తీసుకుపోయి, ఆగింది. చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. తర్వాత పొట్లం మడిచి నా ఒళ్లో పెట్టింది.

"నాకు సాలు బిడ్డా" అన్నది. "కడుపు నిండింది."